నా గ్రీన్‌కార్డు దరఖాస్తుకు తోడు నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

నా శాశ్వత నివాస దరఖాస్తు ఆమోదం పొందింది. గ్రీన్‌కార్డు గత వారం ఇంటికి చేరింది. ఈ కబురు ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పాను గానీ, ఎవరు చేసిన సాయం ఎక్కడ ఎలా అక్కరకు వచ్చిందో వివరంగా చెప్పుకునే తీరిక ఆ ఫోన్లలో దొరకలేదు. పైగా మీలో చాలామంది "మేం చేసిందేముందమ్మా" అంటూ మాట దాటవేశారు. మీరేం చేశారో నాకు తెలుసు కాబట్టి, దాన్ని నలుగురిలో రాసి చెప్పుకోవడం నా ధర్మమని భావిస్తున్నాను. పేర్లు రాయవద్దని కొందరు కోరినందువల్ల ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వారికి తెలిసిపోతుంది.

అమెరికా పౌరుణ్ణి పెళ్లి చేసుకున్నవారికి గ్రీన్‌కార్డుకేం లోటని బయటివారు అనుకోవడంలో కొంత న్యాయం లేకపోలేదు. ఉద్యోగం ద్వారా దరఖాస్తు చేసుకునే భారతీయులకు, ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి వల్ల, ఏళ్ల తరబడి నిరీక్షణ తప్పదు. పౌరుల భార్యాభర్తలను చట్టం అతి దగ్గరి బంధువులుగా లెక్కిస్తుంది కనుక వారికి ఆ పరిమితీ లేదు, ఆ వరుసా లేదు. నాతో చదువుకున్నవారు, నాకన్నా ఎంతో ముందు వచ్చి స్థిరపడినవారు ఇంకా ఆ వరుసలోనే ఉండగా, వారి దగ్గర నా భయం గురించి నోరు విప్పడానికి నాకు మొహమాటంగా ఉండేది. భయం మాత్రం ఉండేది. చదువు ముగిశాక కొంతకాలం పనిచేసుకోనిచ్చే స్టెమ్ ఓపీటీ అనుమతి మీద పనిచేస్తూ, హెచ్‌1బీ ఉద్యోగ వీసా లాటరీలో పేరు రాక, ఆ ఏడాదే పెళ్లి చేసుకున్న అమ్మాయి ఫైలు చూస్తే అధికారికి ఏం తోస్తుంది? లాటరీ తగల్లేదు కాబట్టే పెళ్లి చేసుకుందని తెలిసినవాళ్లే ఒకరిద్దరు అననే అన్నారు. మా సంబంధం లాటరీ ఫలితాలకు చాలా ముందే, మా వారి పిన్నిగారి ద్వారా వచ్చి, ఇరువైపుల పెద్దలూ మాట్లాడుకున్నాక కుదిరింది. అయినా ఆ మాట చెవిన పడ్డాక నాకు నిద్ర కరువైంది. నిజంగా జరిగిన పెళ్లిని నిజమేనని రుజువు చేయవలసి రావడం, ఆ రుజువు చాలదంటే ఇక్కడ ఉండే అర్హతే పోతుందేమోనన్న బెంగ, రెండూ కలిసి కొత్త కాపురపు తొలి నెలల్లో నన్ను మనశ్శాంతిగా ఉండనివ్వలేదు.

ఆ స్థితిలో నన్ను దగ్గరకు తీసింది మా పై అంతస్తులో ఉండే అక్క. ఆవిడ కొన్నేళ్ల క్రితం ఇదే దారిన నడిచారు. "ఏం కాదులే" అన్న మాట ఆవిడ నోట ఒక్కసారి కూడా రాలేదు. అందుకు ఆవిడకు నేను ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను, ఎందుకంటే ఆ మాట అప్పటికే చాలామంది దగ్గర విని ఉన్నాను, అది నాకు ఏమాత్రం పనికి రాలేదు. ఆవిడ నన్ను కూర్చోబెట్టి ఏ ఫారం ఎవరు వేస్తారో, ఏ కాగితం ఎందుకు అడుగుతారో విడమరిచి చెప్పారు. ఐ-130 మా వారు నా కోసం వేసే అర్జీ, ఐ-485 గ్రీన్‌కార్డుకు నేను వేసుకునేది, రెండూ కలిపి పంపవచ్చు. వాటితోపాటు పని అనుమతికి ఐ-765, ప్రయాణ అనుమతికి ఐ-131. మేం దాఖలు చేసిన 2024 చివరి నెలల్లో వీటి రుసుములు వరుసగా 675, 1,440, 260, 630 డాలర్లు. పెళ్లి నిజమైనదేనా అని చూడటం నా ఒక్కదాని మీద అనుమానంతో కాదని, దొంగ పెళ్లిళ్లను అరికట్టడానికి 1986లో ప్రత్యేకంగా చట్టమే చేశారని, అప్పటినుంచి కొత్త దంపతులందరూ ఈ పరీక్ష దాటవలసిందేనని ఆవిడ చెప్పినప్పుడు నా గుండె బరువు సగం దిగింది. ఇద్దరి పేర్లూ ఉన్న అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఒకరి బీమాలో ఇంకొకరి పేరు, ఇలా మా ఇంట్లో అప్పటికే ఉన్న కాగితాలనే వరుసలో పెట్టించారు. పెళ్లి ఫొటోలు వందల కొద్దీ ఉంటే, ఇరువైపుల వాళ్లూ కనబడేవి, వేర్వేరు సందర్భాలవి కొన్నే ఏరించి, ఒక్కోదాని వెనుక తేదీ, చోటు, అందులో ఉన్నవారి పేర్లు రాయించారు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా వేధించింది జనన ధ్రువపత్రం. మా అమ్మకు నేను తొలిచూలు కనుక పురుటికి పుట్టింటికి, తెనాలి దగ్గరి మా అమ్మమ్మగారి ఊరికి వెళ్లింది. నేను పుట్టింది ఆ ఇంట్లోనే. పెరిగిందీ చదివిందీ ఖమ్మంలో. ఊళ్లోని పాత జనన రిజిస్టరులో నా పుట్టుక నమోదై ఉందో లేదో కూడా ఎవరికీ తెలియదు. మా చిన్న మామయ్య పొలం పనులు వదులుకుని గ్రామ సచివాలయానికీ, మండల కార్యాలయానికీ తిరిగి, ఆ ఏటి రిజిస్టరును తీయించి చూస్తే, నమోదు ఉంది గానీ బిడ్డ పేరు ఉండవలసిన గడిలో "ఆడ శిశువు" అని మాత్రమే ఉంది. నాన్న పేరు కూడా ఊళ్లో పిలిచే పొట్టి పేరే. ఆ నకలు ఫొటో చూసిన రోజు ఇక నా పని అయిపోయిందనుకున్నాను. అయితే మేము సలహా అడిగిన న్యాయవాది గారు, మన దేశంలో ఆ కాలపు నమోదులు ఇలా ఉండటం ఇక్కడివారికి కొత్త కాదనీ, ఆ నకలుకు తోడు పదో తరగతి మార్కుల మెమో, నా పుట్టుక స్వయంగా ఎరిగిన ఇద్దరి ప్రమాణ పత్రాలు జతచేస్తే సరిపోతుందనీ చెప్పారు. ప్రమాణ పత్రంలో ఇచ్చేవారి పూర్తి పేరు, చిరునామా, వారు పుట్టిన తేదీ, చోటు, నాతో బంధుత్వం ఉండాలనీ, ముఖ్యంగా ఆ సంగతి వారికి ఎలా తెలిసిందో స్పష్టంగా రాయాలనీ నొక్కి చెప్పారు. ఆయన ఆ రోజు మాకు ఇచ్చిన సమయానికి రుసుము తీసుకున్నారు, నిజమే. అంతకు మించి అవసరం లేని పని ఏదీ మా చేత చేయించకుండా, ఇది మీరే దాఖలు చేసుకోగలరని చెప్పి పంపిన నిజాయితీకి మాత్రం ఏ రుసుమూ చాలదు.

ప్రమాణ పత్రం ఇచ్చిన ఇద్దరిలో ఒకరు మా పెద్దమ్మ, ఇంకొకరు మా అమ్మమ్మ. తెనాలిలో నోటరీ దగ్గర వంద రూపాయల స్టాంపు కాగితం మీద ముందుగానే ఇంగ్లీషులో తయారుచేసి పెట్టిన నాలుగు వరుసలు చదివి వినిపిస్తే, అమ్మమ్మ ఒప్పుకోలేదట. తనకు తెలిసింది తెలుగులో రాస్తేనే సంతకం పెడతానని కూర్చుందట. చివరికి ఆవిడ చెబుతుండగా రాసిన కాగితం నా దగ్గర ఉంది. తన కూతురు ఏడో నెలలో పుట్టింటికి వచ్చిందని, ఫలానా తేదీ తెల్లవారుజామున పడమటి గదిలో ప్రసవించిందని, ఊరి నర్సమ్మ పురుడు పోసిందని, బొడ్డు కోసిన వెంటనే బిడ్డను తన చేతికే ఇచ్చిందని, ఆ బిడ్డకు ఇరవై ఒకటో రోజున తన ఇంట్లోనే ఈ పేరు పెట్టారని, రిజిస్టరులో ఉన్న పొట్టి పేరూ తన అల్లుడి పూర్తి పేరూ ఒకే మనిషివని అందులో ఉంది. కింద ఆవిడ సంతకం, గుండ్రని పెద్ద అక్షరాలతో. న్యాయవాది గారు అడిగినవన్నీ, ఎవరూ చెప్పకుండానే, ఆవిడ చెప్పింది. చదువు ఐదో తరగతితో ఆగిపోయిన మా అమ్మమ్మ కన్నా బాగా ఆ పత్రాన్ని ఎవరూ రాయించి ఉండేవారు కాదని నా గట్టి నమ్మకం.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం జతపరచాలి. అనువాదకుడు రెండు భాషలూ తనకు వచ్చునని, అనువాదం సంపూర్ణంగా, సరిగ్గా ఉందని ధ్రువీకరిస్తూ సంతకం చేయాలి. ఆ పని వరంగల్ నుంచి వచ్చి ఫ్రిస్కోలో కూతురి దగ్గర ఉంటున్న విశ్రాంత ప్రధానోపాధ్యాయులు మాస్టారు గారు చేసిపెట్టారు. అమ్మమ్మ వాక్యాల్లో ఒక్క ముక్క వదలకుండా, వెనుక వైపు ఉన్న స్టాంపు వెండారు ముద్రనూ, గుండ్రని సీలు చుట్టూ ఉన్న అక్షరాలనూ కూడా అనువదించారు. డబ్బు మాట ఎత్తితే కోప్పడ్డారు. మాస్టారూ, పాదాభివందనాలు.

ఇక మా మామగారి సంగతి. మా వారు అంతకు ముందు ఏడాదంతా చదువుకే వెచ్చించడం వల్ల ఐ-864 పోషణ హామీకి ఆయన ఆదాయం చాలలేదు. పేదరికపు రేఖకు 125 శాతం ఆదాయం చూపాలి, ఇద్దరున్న కుటుంబానికి 2024లో అది 25,550 డాలర్లు. ఉమ్మడి హామీదారుగా మామగారు ముందుకు వచ్చారు. సంతకం చేసే ముందు అందులోని షరతులు నేనే ఆయనకు చదివి వినిపించాను: నేను పౌరసత్వం పొందేవరకో, సుమారు పదేళ్ల పని నా ఖాతాలో జమ అయ్యేవరకో, లేక ఈ దేశాన్ని శాశ్వతంగా వదిలి వెళ్లేవరకో ఈ బాధ్యత ఉంటుంది, విడాకులైనా పోదు. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, "ఆ బాధ్యత పెళ్లిపీటల మీదే తీసుకున్నాం కదమ్మా" అని సంతకం చేశారు. అత్తయ్యగారు ఆయన పన్ను పత్రాలు తెచ్చి ముందు పెట్టారు. ఆ పూట నాకు కలిగిన ధైర్యం మాటల్లో పెట్టలేను.

వైద్య పరీక్ష పెద్ద ఇబ్బంది లేకుండా జరిగింది. చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా వల్ల క్షయ పరీక్షలో తేడా వస్తుందేమోనని భయపడ్డాను గానీ, ఇప్పుడు చేసేది రక్త పరీక్ష కనుక ఆ టీకా ప్రభావం దాని మీద ఉండదని ప్రభుత్వ గుర్తింపు ఉన్న డాక్టరు గారు ఓపికగా వివరించారు. ఆవిడకు కూడా నా ధన్యవాదాలు.

దరఖాస్తు పంపాక ఎదురుచూసిన కాలంలో అమ్మమ్మ వాకిట్లో జారి పడి తుంటి ఎముక విరిగింది. ప్రయాణ అనుమతి చేతికి రాకుండా దేశం దాటితే, నా వంటివారి దరఖాస్తును వదులుకున్నట్టే లెక్కిస్తారు. వెళ్లలేకపోయాను. ఆ రోజుల్లో గుంటూరు ఆస్పత్రిలో పగలూ రాత్రీ ఆవిడ మంచం పక్కన ఉన్న మా మామయ్య కూతురికీ, రోజూ వీడియో కాల్ కలిపి అమ్మమ్మ మొహం చూపించిన ఆ పిల్ల ఓర్పుకూ నేనేమిచ్చినా తక్కువే. అమ్మమ్మ ఇప్పుడు చేతికర్ర సాయంతో నడుస్తోంది.

ఇంటర్వ్యూ అర్వింగ్‌లోని కార్యాలయంలో జరిగింది. ఇద్దరి చేతా ప్రమాణం చేయించి, గుర్తింపు పత్రాలు చూసి, ఫారంలోని ప్రశ్నలు కొన్ని మళ్లీ అడిగి, ఎలా కలిశారు, ఎవరు మాట్లాడారు అని మర్యాదగానే అడిగారు. తర్వాత ఫొటోలు తిప్పుతూ కన్యాదానం ఫొటో దగ్గర ఆగి, వీరు మీ తల్లిదండ్రులా అని అధికారి నన్ను అడిగారు. నేను ఎన్నో రాత్రులు భయపడిన ప్రశ్న అదే. అమ్మానాన్నలకు సందర్శక వీసా ఇంటర్వ్యూ తేదీ సమయానికి దొరకలేదు, వారు మా పెళ్లి ఖమ్మంలో ఫోన్ తెరమీద చూశారు. వారి స్థానంలో పీటల మీద కూర్చుని నా కన్యాదానం చేసినవారు, ప్లేనోలో ఉండే ఒంగోలు దంపతులు, నేను బాబాయి గారూ పిన్ని గారూ అని పిలిచినా, నాకు రక్తసంబంధీకులు కారు. ఆ మాటే చెప్పాను. ఆ దంపతులు మా పెళ్లి గురించి ఇచ్చిన ప్రమాణ పత్రం ఫైలులో ఉందని మా వారు గుర్తుచేశారు. అధికారి పేజీలు వెనక్కి తిప్పి ఆ పత్రం తీసి, మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఈ అమ్మాయి తల్లిదండ్రులు రాలేనందున వారి అనుమతితో మేమే కన్యాదానం చేశాము, ఈ ఇద్దరూ మా ఇంటికి పండుగలకు కలిసి వస్తారు, వారి కాపురం మేము కళ్లారా చూస్తున్నాము అని బాబాయి గారు రాసిన వాక్యాలు అవి. చదివాక అధికారి ఫొటో తిరిగి నా ముందు పెట్టి, తర్వాతి ప్రశ్నకు వెళ్లారు. బాబాయి గారూ, పిన్ని గారూ, పెళ్లిలో ఒకసారి, ఆ గదిలో ఒకసారి, మీరు నాకు పుట్టింటివారై నిలబడ్డారు.

ఆమోదం నాటికి మా పెళ్లికి రెండేళ్లు నిండలేదు కనుక నాకు వచ్చింది రెండేళ్ల షరతులతో కూడిన కార్డు. దాని గడువు తీరే ముందు 90 రోజుల్లో ఆ షరతులు తీసేయమని ఇద్దరం కలిసి ఐ-751 వేయాలి. అక్క అప్పుడే దానికోసం ఒక ఫోల్డరు తెరిపించారు, ప్రతి నెలా ఒక కాగితమైనా అందులో వేస్తున్నాం.

మన చుట్టుపక్కల ఎవరైనా ఈ దరఖాస్తు వేయబోతూ నాలాగే దిగులు పడుతుంటే మొహమాటపడకుండా నన్ను అడగండి. పేర్లూ చిరునామాలూ తీసేసి, ప్రమాణ పత్రాల నమూనాలు, మాస్టారు రాసిన ధ్రువీకరణ వాక్యం, కాగితాల వరుస సిద్ధం చేసి ఉంచాను. వీసా గడువు దాటినవారు, మునుపు ఏదైనా దరఖాస్తు తిరస్కరణ అయినవారు, పోలీసు కేసు వంటిది ఉన్నవారు మాత్రం నా కాగితాలు చూసి ముందుకు వెళ్లవద్దు, తప్పకుండా న్యాయవాదిని కలవండి.

మాస్టారు గారు వచ్చే నెల వరంగల్ తిరిగి వెళ్తున్నారు. ఆయన వెళ్లేలోగా, ఈ శనివారం మధ్యాహ్నం, పైన చెప్పుకున్నవారిలో ఇక్కడ ఉన్న అందరూ మా ఇంటికి భోజనానికి రావాలని మా వారూ నేనూ ప్రార్థిస్తున్నాము. అమ్మమ్మ, చిన్న మామయ్య, అమ్మానాన్నలు ఫోన్‌లో మీ అందరితో మాట్లాడాలని కోరుకుంటున్నారు.