అడాప్టర్లు మార్చి ఇస్తాను, యాంప్లిఫయర్లు మాత్రం వెనక్కి తీసుకోను

దసరా తర్వాత మన షాపులో కంప్యూటర్ స్పీకర్లకి నల్ల యాంప్లిఫయర్ డబ్బా కొన్నవాళ్లందరికీ నమస్కారం. సౌండ్ పెంచగానే పాట ఠక్కున ఆగి మళ్లీ మొదలవుతోందా? మీ కంప్యూటర్ బాగానే ఉంది. తప్పు మేమిచ్చిన అడాప్టర్‌ది. ఈ క్షణమే ప్లగ్గు తీసేయండి.

ఈ ఫిర్యాదు మొదట తెచ్చింది ఒక ట్యూషన్ మాస్టారు. "డ్రైవర్ అప్‌డేట్ చేసుకోండి సార్" అని పంపేశాను. పాపం చేసుకుని మళ్లీ వచ్చారు. పదిహేనేళ్లుగా సోల్డరింగ్ చేస్తున్నాను, నా డబ్బాలో తప్పేంటన్న పొగరు నాది.

రెండోసారి ఆయన ముందే మల్టీమీటర్ పెట్టాను. ఖాళీగా ఉంటే 24 వోల్టులు. పాట పెట్టి నాబ్ తిప్పితే 20, 17, డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా 13. వోల్టేజీ సగమైతే పవర్ నాలుగో వంతుకి పడిపోతుంది. పాత స్టాకు అడాప్టర్‌నీ దీన్నీ పక్క కిరాణా కొట్టు కాటాలో పెట్టాం. అది 340 గ్రాములు, ఇది 190, అంటే లోపల సరుకే తక్కువ. రెండింటి మీదా ఒకటే స్టిక్కర్: 24 వోల్టులు, 5 ఆంపియర్లు.

కోఠిలో ఎనిమిదేళ్లుగా ఒకే మనిషి దగ్గర కొంటున్నాను. బిల్లు కూడా అడగలేదెప్పుడూ. వాళ్లమ్మాయి పెళ్లికి వెళ్లి భోంచేసి వచ్చాను. ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "స్టిక్కర్ చూసి నువ్వే తీసుకున్నావ్ కదా భాయ్." డబ్బు పోయిందని కాదు, ఆ "భాయ్" ఇంకా గుచ్చుతోంది.

మొత్తం 62 అమ్మాను. తిరిగొచ్చినవి నాలుగే. గదిలో మామూలుగా వినడానికి రెండు మూడు వాట్లు చాలు, పైగా పవర్ నాలుగో వంతైనా చెవికి తగ్గేది 6 డెసిబెల్సే. చాలామందికి తెలిసేదే కాదు. కొత్త అడాప్టర్ ఒక్కోటి 650, మొత్తం 40 వేలు దాటుతుందని మా ఆవిడ లెక్క చెప్పింది. ఊరుకుంటే గడిచిపోతుందని నేనూ అనుకున్నాను, అబద్ధమెందుకు. వారం రోజులు నిద్ర లేదు. చివరికి ఒక అడాప్టర్ విప్పాను. ఫ్యూజ్ ఉండాల్సిన చోట వైరు ముక్క అతికించి ఉంది. లెక్కలు అక్కడితో ఆపేశాను.

పాతది తెచ్చి కొత్తది ఉచితంగా పట్టుకెళ్లండి. బిల్లు లేకపోయినా పర్వాలేదు. ఇంట్లో మూలపడ్డ 19 వోల్టుల లాప్‌టాప్ అడాప్టర్ ఉన్నా తీసుకురండి, పిన్ మార్చి ఇస్తాను. మన డబ్బాలోని యాంప్లిఫయర్ చిప్ దాంతో హాయిగా నడుస్తుంది.

డబ్బా వాపసు మాత్రం అడగొద్దు. మీ ముందే మంచి సప్లై పెట్టి గంటసేపు వాయించి చూపిస్తాను. పక్క షాపుల్లోలాగా దాని మీద "5000 వాట్స్ పీఎంపీఓ" (ఉన్నదానికంటే ఎన్నో రెట్లు పెంచి చెప్పే వాట్ల లెక్క) అని రాయమన్నా రాయనివాణ్ణి, నా డబ్బా గురించి నాకు తెలుసు.

ఇంకోటి. విండోస్‌లో వాల్యూమ్ 20 పెట్టి, డబ్బా నాబ్ చివరిదాకా తిప్పి "సుయ్‌మంటోంది" అంటున్నారు కొందరు. విండోస్‌లో 90 పెట్టుకుని నాబ్‌తో తగ్గించుకోండి. వీఎల్‌సీలో 100 దాటించకండి, సౌండ్ చీలిపోతుంది. దీనికి షాపుదాకా రానక్కర్లేదు.