నాన్న కంప్యూటర్ లేచి కూర్చుంది

ఒరేయ్ సున్నుండా,

ముందు తిట్టడం కానిచ్చెయ్, తర్వాత చదువు. సంక్రాంతికి రాస్తానన్నవాణ్ణి శ్రావణంలో రాస్తున్నా. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను ఒక్క వాక్యమైనా పూర్తి చెయ్యనిస్తావా? ఇది మధ్యలో ఎవడైనా అడ్డొస్తే చెడిపోయే కథ. అందుకని తీరిగ్గా కూర్చుని టైపు కొడుతున్నా.

ఇంటి కబుర్లు గబగబా: అమ్మ మోకాలు ఫర్వాలేదు. పిల్లది లెక్కల్లో అచ్చం నీలాగే ఉందని మా ఆవిడ అంటోంది, అది పొగడ్త కాదని నీకు వేరే చెప్పక్కర్లేదు. సత్యనారాయణపురం పెసరట్టు మనిషి నిన్ను అడిగాడు, బాకీని కూడా అడిగాడు. ఉక్కపోత అలాగే ఉంది. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. నాన్న కంప్యూటర్ పోయింది. పోయి, మళ్ళీ వచ్చింది!

నువ్వు చూసిన ఆ నల్ల కేబినెట్టేరా, పైన అమ్మ క్రోషియా గుడ్డ కప్పి ఉండేది. విండోస్ 7, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగుకి అనూ ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దానికి కొత్త వెర్షన్ తేలేదు, అందర్నీ ఇన్‌డిజైన్‌కి పొమ్మంది. అందరూ పోయారు, నాన్న పోలేదు. ప్రెస్సులో రిటైరయ్యాక కూడా ఇంట్లోనే శుభలేఖలు, కరపత్రాలు, గుడి పంచాంగాలు చేసుకుంటున్నాడుగా. ఆయన వేళ్ళకి ఆ కీబోర్డ్ లేఅవుట్టే వచ్చు. విండోస్ 7కి 2020 జనవరి 14తోనే సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి దాని నెట్ తీగ నేనే పీకేశా. పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ పెట్టుకుని సైకిల్ మీద ప్రెస్సుకి వెళ్ళొస్తాడు, ఆయన ఇంటర్నెట్ అదే.

కొన్నాళ్ళుగా లోపల టిక్కు టిక్కుమంటోందట. నాకు చెబితేగా! ఫ్యాన్ అనుకున్నాడట. ఒకరోజు పొద్దున ఆన్ చేస్తే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు: రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్. సరిగ్గా ముహూర్తాల మధ్యలో. తెనాలి పెళ్ళివాళ్ళు ముందురోజే ప్రూఫ్ చూసుకుని, ఒక చిన్న మార్పు చెప్పి, ఓకే అన్నారు. ఆ మార్పు చేసి ప్లేట్‌కి ఇవ్వాలి.

దగ్గర్లో ఉన్న రిపేరు షాపు కుర్రాడొచ్చి డిస్క్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "హార్డ్ డిస్క్ పోయిందండీ. కొత్తది పెట్టి విండోస్ 10 ఎక్కించేస్తా. డేటా కావాలంటే హైదరాబాద్ పంపాలి, బాగా అవుద్ది. మీ సాఫ్ట్‌వేర్ల సీడీలుంటే ఇవ్వండి, మళ్ళీ ఎక్కిస్తా" అన్నాడు. సీడీలా? అవి ఇచ్చిన ఆయన గవర్నర్‌పేటలో షాపు ఎత్తేసి ఎన్నేళ్ళయిందో! నాన్న కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి తుడిచాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

అప్పుడు చెప్పా, గుంటూరులో ఇమేజ్ ఉందని.

నీకు దెయ్యం సార్ ల్యాబ్ గుర్తుందా? నువ్వూ నేనూ ఏదో ఒక మెషీన్ని నాశనం చేసి రావడం, ఆయన తిట్టుకుంటూ నార్టన్ ఘోస్ట్ పెట్టి మర్నాటికల్లా దాన్ని కొత్తదాన్లా చేసేయడం? అదే పని ఇది. ఫైళ్ళు కాపీ చేసుకోవడం కాదు. విండోస్, ప్రోగ్రాములు, రిజిస్ట్రీ, ఫాంట్లు, బూట్ అవడానికి ఉండే ఆ చిన్న పార్టిషన్, అన్నీ కలిపి డిస్క్ ఉన్నది ఉన్నట్టు తీసి పెట్టుకోవడం, ఇమేజ్ అంటే అదే. విండోస్ 7లోనే ఆ సదుపాయం ఉంది, వేరే ఏం కొనక్కర్లేదు. పండక్కో పబ్బానికో తీస్తుంటా. ఉగాదికి తీస్తుంటే నాన్న పక్కన నిలబడి "ఎంతసేపురా, పని ఉంది" అని ఒకటే సణుగుడు.

మరి గుంటూరులో ఎందుకంటే, బుడమేరు వరద వల్ల. 2024 సెప్టెంబర్ 1న సింగ్‌నగర్ మునిగినప్పుడు పిన్ని వాళ్ళ కంప్యూటరూ, దాని బ్యాకప్ డిస్కూ ఒకే టేబుల్లో ఉన్నాయి. పైన సీపీయూ, కింద సొరుగులో డిస్క్. అటు ప్రకాశం బ్యారేజీలో 11 లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళు పోతున్నాయని టీవీలో చూపిస్తుంటే, ఇటు పిన్ని బురదలోంచి ఆ డిస్క్ తీసి బట్టతో తుడుస్తోంది. అందులో బాబాయి ఫోటోలు... సరే, అది ఇప్పుడొద్దు. ఆ తర్వాత మా డిస్క్‌ని బ్రాడీపేటలో చెల్లి బీరువాలో పెట్టించా. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల వాటి మీద ఉండాలి, అందులో ఒకటి ఇంటి బయట ఉండాలి అంటారు కదా. మొదటి రెండూ ఎలా ఉన్నా ఆ మూడోది మాత్రం మా ఇంట్లో ఇప్పుడు చట్టం.

బావకి ఫోన్ చేశాం. బావ సంగతి నీకు తెలుసుగా: తాళం, అరటిపళ్ళు, కర్నూలు. డిస్క్ పట్టుకుని బస్సెక్కమని, దిగాక ఒక ఎస్‌ఎస్‌డీ, అదే కొత్తరకం డిస్క్, కొనుక్కురమ్మని, పాతది 500 జీబీ కాబట్టి 512 గానీ ఆపైది గానీ తెమ్మని చెప్పాం. డిస్క్‌ని తువ్వాల్లో చుట్టి చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు తెచ్చాడు పాపం. ఎస్‌ఎస్‌డీ కూడా తెచ్చాడు. దాని సంగతి చెబుతా ఉండు.

ఇమేజ్ ఉంటే చాలదు, దాన్ని ఎక్కించడానికి మెషీన్ బూట్ అవ్వాలిగా. విండోస్ 7లో దానికి రిపేర్ డిస్క్ అని ఒక సీడీ రాసి పెట్టుకోవాలి. రాసిపెట్టా. ఎక్కడుంది? ఇల్లంతా వెతికాం. చివరికి శాంపిల్ శుభలేఖల కట్టలో, "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని బంగారు రంగులో అచ్చేసిన ఒక కవర్లో దొరికింది. నాన్నే భద్రంగా పెట్టాడు. డీవీడీ డ్రైవ్ ఏమో తెరుచుకోదు. బటన్ నొక్కితే లోపల మూలుగుతుంది, ట్రే బయటికి రాదు. దాని మూతి మీద చిన్న చిల్లు ఉంటుంది చూడు, అందులోకి జెమ్ క్లిప్ సాగదీసి గుచ్చి నెడితే పిసరంత బయటికొచ్చింది, గోటితో లాగా.

దేన్నుంచి ముందు బూట్ అవ్వాలో చెప్పే బయోస్‌లో డీవీడీని ముందుకు తెచ్చా. బూట్ అయింది. సిస్టం ఇమేజ్ రికవరీ నొక్కా. బావ, నాన్న, అమ్మ, మా ఆవిడ అందరూ నా వెనకే. తెర మీద: విండోస్ కెనాట్ ఫైండ్ ఎ సిస్టం ఇమేజ్ ఆన్ దిస్ కంప్యూటర్.

ఇమేజ్ లేదంటుంది!

డిస్క్ లైటు వెలుగుతోంది, లోపల తిరుగుతోంది. నాన్న ఏమీ అనలేదు, అది ఇంకా భయం. చెల్లికి ఫోన్ చేసి ఆ ఫోల్డర్ పేరేమైనా మార్చావా, వేరే ఫోల్డర్లోకేమైనా జరిపావా అని గదమాయించా. ఎందుకంటే విండోస్ఇమేజ్‌బ్యాకప్ అనే ఆ ఫోల్డర్ పేరు మారకూడదు, డ్రైవ్ తెరవగానే మొదటి వరసలోనే ఉండాలి, లేకపోతే రికవరీకి కనపడదు. "నేను బీరువా కూడా తియ్యలేదన్నయ్యా" అని ఏడుపు గొంతుతో అంది.

అప్పుడు చూశా, బావ దాన్ని గుచ్చింది ముందున్న నీలం పోర్టులో. అది యూఎస్‌బీ 3. విండోస్ 7 వచ్చింది 2009లో, యూఎస్‌బీ 3 డ్రైవర్లు దాంట్లో ఉండవు. మామూలుగా వాడేటప్పుడు మనం విడిగా వేసుకుంటాం కాబట్టి తెలీదు. రిపేర్ డిస్క్‌లో ఎవరు వేస్తారు? కరెంట్ అందుతుంది, లైటు వెలుగుతుంది, దానికి మాత్రం ఆ పోర్టే ఉన్నట్టు తెలీదు. కేబినెట్ వెనక్కి తిప్పి, సాలెగూళ్ళు దులిపి, నల్ల పోర్టులో గుచ్చి మళ్ళీ మొదట్నించి వచ్చా. ఉగాది తేదీతో సహా ఇమేజ్ ప్రత్యక్షం. అమ్మ దేవుడి గదివైపు తిరిగి దణ్ణం పెట్టింది.

ఇక నెక్స్ట్, నెక్స్ట్ అనుకున్నా. రికవరీ చెయ్యడానికి తగిన డిస్క్ ఏదీ లేదట! ఇందాక ఆగమన్నాగా, ఇదీ ఆ సంగతి. ఎస్‌ఎస్‌డీ డబ్బా తిప్పి చూస్తే 480 జీబీ. "రెండూ ఒకటేనన్నాడు షాపువాడు, మూడొందలు తక్కువ కూడా" అన్నాడు బావ. పైగా ఒక మంచి ప్రశ్న వేశాడు, కాదనను: "నాన్నగారు వాడిందే 80 జీబీ, 480లో 80 పట్టదా?" పట్టదు బావా. అది సామాను ఎంతుందో చూడదు, పాత డిస్క్ మీద పార్టిషన్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో అలాగే గీస్తుంది. కొత్త డిస్క్ పాతదానంత గానీ పెద్దది గానీ ఉండాల్సిందే. తైవాన్ వాళ్ళు చేసిన క్లోన్‌జిల్లా అని ఉచితంగా దొరికేది ఉంది, మామూలు సెట్టింగ్‌తో అదీ ఇంతే. కుదించి ఎక్కించే సాఫ్ట్‌వేర్లు లేకపోలేదు, కానీ వాటి ఇమేజ్ వాటితోనే తీసి ఉండాలి.

బావ ముఖం చిన్నబుచ్చుకుని డబ్బా పట్టుకుని వెళ్ళాడు. సీల్ తీసింది మార్చం అన్నాడట షాపువాడు. బావ అక్కడే స్టూలేసుకుని కూర్చున్నాడట, కర్నూలులో కూర్చున్నట్టే. వాడికి కర్నూలు సంగతి తెలీదుగా! మార్చి ఇచ్చాడు.

ఈలోపు నేను ఊరుకోలేదు. ఆ ఇమేజ్ లోపల ఉండేది వీహెచ్‌డీ ఫైలేగా, అంటే డిస్క్ మొత్తం ఒక ఫైలుగా, నా ల్యాప్‌టాప్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్‌కి వెళ్ళి, రీడ్ ఓన్లీ టిక్ పెట్టి అటాచ్ చేశా. నాన్న కంప్యూటర్ మొత్తం నా ల్యాప్‌టాప్‌లో ఇంకో డ్రైవ్‌లా తెరుచుకుంది. ఆయన ఫోల్డర్లు చూడాలి నువ్వు: పెళ్ళిళ్ళు, కొత్త పెళ్ళిళ్ళు, కొత్త కొత్త పెళ్ళిళ్ళు. ఒక వర్డ్ ఫైలు తెరిచి చూపించా. అన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు. అనూ అన్నిచోట్లా నడిచే యూనికోడ్ కాదుగా, ఆ ఫాంట్ లేని చోట అంతా చెత్తలా కనిపిస్తుంది. పేజ్‌మేకర్ ఫైలయితే అసలు తెరుచుకోనే లేదు. నాన్న వంగి చూసి, "ఇది నాది కాదు" అన్నాడు. ఫైళ్ళన్నీ ఉన్నాయి, ఒక్కటీ పనికిరాదు. ఆ కుర్రాడి మాట విని కొత్త విండోస్ వేయించుంటే మిగిలేది ఇదేరా. నాకు నిజంగా కాళ్ళు వణికాయి.

బావ 512 తెచ్చాడు. బిగించి మొదలుపెట్టాం. కొత్త డిస్క్, ఇమేజ్ డిస్క్, డీవీడీ డ్రైవ్ తప్ప మిగతావన్నీ విప్పేయించా, ఎందుకంటే ఫార్మాట్ చేసి రాస్తానంటుంది, దేన్ని పట్టుకుంటుందో అని టెన్షన్. పాత పోర్టు కదా, పచ్చగీత పాకుతూనే ఉంది, గంట దాటింది. ఎవ్వరూ అన్నాలకి లేవలేదు. అమ్మ అక్కడికే పులిహోర తెచ్చి పెట్టింది.

రీస్టార్ట్ అయింది. విండోస్ జెండా. ఆ తర్వాత నాన్న డెస్క్‌టాప్, తెరంతా పరిచిన ఐకాన్లు, కనకదుర్గమ్మ వాల్‌పేపరు, కింద మూల అనూ స్క్రిప్ట్ గుర్తు. ఉగాది నాటి కంప్యూటర్ ఉన్నది ఉన్నట్టు! తెనాలి శుభలేఖ అందులో ఉండదుగా, అది మొన్నటిది. కానీ పీడీఎఫ్‌తో పాటు పేజ్‌మేకర్ ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకునే అలవాటు ఆయనది. గుచ్చి తెరిచాడు. "చి.ల.సౌ." దగ్గర్నించి ఒత్తులన్నీ ఎక్కడివక్కడ. దాన్ని నాలుగొందల శాతం పెద్దది చేసి ఒక్కో ఒత్తూ చూశాడు.

మనం ఏమనుకుంటాం? భుజం తడతాడనుకుంటాం. నాన్న ఇటు తిరిగి, "ఇదేంట్రా, పేజ్‌మేకర్ నొక్కగానే తెరుచుకుంటోంది. లోపల ఏదో తీసేశావు" అన్నాడు. ఎస్‌ఎస్‌డీ నాన్నా, స్పీడెక్కువ అంటే నమ్మడు. ముందు టీ పెట్టుకుని వచ్చేలోగా తెరుచుకునేది, ఇప్పుడు టీకి టైం లేదట. పొద్దున కూడా ఆ కుర్రాడితో చెబుతున్నాడు, మావాడు ఏదో తీసేశాడు, ఏంటో దొరకట్లేదు అని.

ఒరేయ్, నీ ల్యాప్‌టాప్ సంగతి చూసుకో. ఆ కంట్రోల్ ప్యానెల్లో బ్యాకప్ అండ్ రిస్టోర్, పక్కనే విండోస్ 7 అని ఉంటుంది, నీ 10లో కూడా ఉంది. 2017 నుంచి మైక్రోసాఫ్టే దాన్ని పక్కన పెట్టేసి వేరేవి వాడుకోమంటోంది, కాబట్టి క్లోన్‌జిల్లా అయినా నేర్చుకో. తీసి ఊరుకోకు, రికవరీ పెన్‌డ్రైవ్‌తో ఒకసారి బూట్ చేసి ఇమేజ్ కనిపిస్తోందో లేదో చూడు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకో, ల్యాప్‌టాప్‌లోనే దాచుకోకు, నీ సంగతి నాకు తెలుసు. అన్నట్టు మన రీయూనియన్ ఫోటోలు నీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేవు, వాటిలో నేను ఆ చొక్కాతో

ఉండు, బావ చెప్పులేసుకుంటున్నాడు. ఇవాళ తీసిన కొత్త ఇమేజ్ డిస్క్ ఆయనతోనే గుంటూరు పంపాలి. సేఫ్లీ రిమూవ్ కొట్టకుండా లాగేస్తాడు, అదిగో చెయ్యి పెట్టాడు కూడా. బాకీ సంగతి చూడు. ఉంటా.