సాంద్రత పెరిగితే ఎముక విరగదా?

సంపాదకులకు నమస్కారం.

రుతువిరతి తర్వాత ఎముకల బలానికి కొల్లాజెన్ (ఎముకలో ఉండే ఒక మాంసకృత్తు) పొడి మేలు చేస్తుందంటూ గత వారం మీ మహిళా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో అబద్ధం ఉందని నేను అనను. ఏడాదిపాటు ఆ పొడి తాగిన స్త్రీలకు ఎముక సాంద్రత, అంటే ఎముక చిక్కదనం, పెరిగినట్టు విదేశాల్లో ఒక అధ్యయనం తేల్చిందని రాశారు, అంతవరకు నిజమే. కానీ ఆ వాక్యం చదివిన ఏ ఇల్లాలైనా ‘ఇది తాగితే ఎముక విరగదు’ అనే అర్థం చేసుకుంటుంది. ఆ మాట ఆ అధ్యయనం చెప్పలేదు. ఈ తేడా ఎంత పెద్దదో నల్గొండ జిల్లాలో పుట్టి, ముప్పై ఏళ్లు జీవశాస్త్రం పాఠం చెప్పిన నాకు తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు ప్రస్తావించినది 2018లో జర్మనీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనమే అనుకుంటాను. రుతువిరతి దాటి, ఎముక సాంద్రత తగ్గిన 131 మంది స్త్రీలను తీసుకుని, కొందరికి రోజుకు 5 గ్రాముల కొల్లాజెన్ పెప్టైడ్‌లు (కొల్లాజెన్‌ను విడగొట్టిన చిన్న ముక్కలు), మిగిలినవారికి చూడటానికి అలాగే ఉండే వేరే పొడి ఇచ్చారు. చివరిదాకా నిలిచినవారు 102 మంది. కొల్లాజెన్ తాగినవారికి వెన్నెముకలోనూ, తుంటి ఎముక మెడ దగ్గరా సాంద్రత పెరిగింది. ఆ తర్వాత 31 మందిని మరికొన్నేళ్లు గమనించారు గానీ, పోల్చి చూడటానికి పొడి తాగని జట్టు అందులో లేదు. ఎముకలు విరగడం తగ్గిందా లేదా అని తేల్చడానికి వంద మంది, ఒక్క ఏడాది ఏ మూలకూ సరిపోవు.

ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన వాళ్ల ఎక్స్‌రేలు మా జిల్లాలో చాలామంది చూసే ఉంటారు. ఆ ఎముకలు పలచబడి ఉండవు, సుద్దతో దిద్దినట్టు తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి. చిక్కదనమే బలమైతే దేశంలో అందరికంటే గట్టి ఎముకలు మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల వాళ్లవే కావాలి. ఒకప్పుడు వైద్యులు కూడా ఈ చిక్కదనాన్ని నమ్ముకున్నారు. ఎముకలు గుల్లబారిన స్త్రీలకు సోడియం ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు. 1990లో అమెరికాలో వెలువడిన ఫలితాల ప్రకారం, రుతువిరతి దాటిన 202 మంది పాల్గొన్న ఆ పరీక్షలో ఫ్లోరైడ్ తీసుకున్నవారికి నాలుగేళ్లలో నడుము దగ్గరి వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు సరికదా, మిగతా ఎముకలు విరగడం ఎక్కువైంది. కొల్లాజెన్ ఫ్లోరైడ్ లాంటిదని నా ఉద్దేశం కాదు, దానివల్ల అటువంటి హాని జరిగిందని ఎవరూ చెప్పలేదు. సాంద్రత అంకె ఒక్కటే చూపించి ఎముకకు భరోసా ఇవ్వకూడదన్నదే నా మాట.

ఎముకలోని సేంద్రియ భాగంలో సుమారు 90 శాతం కొల్లాజెనే. స్లాబులో ఇనుప చువ్వలు ఎలాంటివో ఎముకలో కొల్లాజెన్ అలాంటిదని, కాల్షియం లవణాలు సిమెంటు వంటివని పిల్లలకు చెప్పేదాన్ని. మూడు పేటల తాడులాంటి దాని నిర్మాణాన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారని, అందుకు కంగారూ తోకలోని స్నాయువును పరిశీలించారని చెబితే తరగతి అంతా నవ్వులే. అయితే మనం తాగిన కొల్లాజెన్ ఆ తాడు రూపంలోనే వెళ్లి ఎముకకు చుట్టుకోదు. కడుపులో అరిగి, అమైనో ఆమ్లాలుగా, కొన్ని చిన్న పెప్టైడ్‌లుగా రక్తంలో చేరుతుంది. ఆ పెప్టైడ్‌లు ఎముక కణాలను ప్రేరేపిస్తాయన్న వాదనను కొట్టిపారేయను. మాంసకృత్తుగా చూస్తే మాత్రం అది అసంపూర్ణమైనది, ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం అందులో అసలే ఉండదు. ఆ లోటు కోడిగుడ్డుకు లేదు.

నా సంగతి కూడా చెప్పాలి. మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని ఎవరో అంటే, మా అమ్మాయి ఆన్‌లైన్‌లో కొల్లాజెన్ డబ్బా తెప్పించింది. దాంతో ఎముకలూ గట్టిపడతాయని డబ్బా మీది బొమ్మ చూసి నేనే అనుకున్నాను. రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా కలుపుకుని ఎనిమిది నెలలు తాగాను. మూడేళ్ల కిందట, 58 ఏళ్ల వయసులో, కళ్లాపి చల్లిన వాకిట్లో కాలు జారి కుడిచేయి నేలకు ఆనించాను. అంతే, మణికట్టు విరిగింది. నిలుచున్న ఎత్తు నుంచి పడితే విరిగే ఎముక అప్పటికే గుల్లబారి ఉండవచ్చని కట్టు కట్టిన డాక్టరు చెప్పి, గర్భసంచి ఎప్పుడు తీయించుకున్నారని అడిగారు. 38వ ఏట. అండాశయాలు ఉంచారా? నాకు తెలియదు. ఇంటికి వచ్చి ట్రంకుపెట్టెలోని పాత డిశ్చార్జి కాగితం వెతికితే, అండాశయాలు రెండూ తీసేసినట్టు ఒక్క వరుసలో రాసి ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ వరుస నా పెట్టెలోనే ఉంది, దాని అర్థం ఆ ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు.

అండాశయాలు తీస్తే ఎముకను కాపాడే ఈస్ట్రోజన్ హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది, ఎముక కరగడం ఆ రోజు నుంచే మొదలవుతుంది. వాటిని ఉంచి గర్భసంచి ఒక్కటే తీసినా రుతువిరతి కాస్త ముందే రావచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసే ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం అటూ ఇటూగా ఉన్నారు. ‘యాభై దాటాక ఎముకల జాగ్రత్త’ అన్న మీ శీర్షిక వీళ్లకు పదిహేనేళ్లు ఆలస్యంగా వచ్చినట్టు లెక్క.

వీరు అడగవలసింది ఎక్స్‌రేలతో ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్ష. అందులో వచ్చే టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల సాంద్రతతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. ఉచిత శిబిరాల్లో మడమ మీద పెట్టే యంత్రంతో దాన్ని నిర్ధారించలేరు. ఇక మందు సంగతికొస్తే, అప్పటికే వెన్నుపూస విరిగిన 2,027 మంది స్త్రీలపై జరిగి 1996లో వెలువడిన పరీక్షలో, అలెండ్రొనేట్ తీసుకున్నవారికి కొత్తగా వెన్నుపూస, తుంటి విరగడం దాదాపు సగానికి తగ్గింది. డాక్టరు రాస్తేనే వాడవలసిన ఈ మాత్రను వారానికొకటి, పరగడుపున గ్లాసెడు నీళ్లతో మింగి, అరగంట నడుము వాల్చకుండా ఉండాలి. నాకు దానికయ్యే నెల ఖర్చు ఆ డబ్బా ధరలో నాలుగో వంతు కూడా లేదు. విటమిన్-డి కూడా చూపించుకోవాలి. ఎండకు కొదవ లేని చోట సైతం రుతువిరతి దాటిన స్త్రీలలో అది చాలకపోవడాన్ని తిరుపతి స్విమ్స్ వైద్యులు 2005లోనే వెల్లడించారు. కాల్షియానికి తైదలు, నువ్వులు, పెరుగు మన వంటింట్లోనే ఉన్నాయి.

చేయి విరిగాక ఆ డబ్బాను భూతద్దం పెట్టి చదివాను. కింద సన్నని అక్షరాల్లో ‘ఔషధంగా వాడటానికి కాదు’ అని ఉంది, పక్కన మాంసాహారాన్ని సూచించే గోధుమరంగు త్రికోణం, పదార్థాల వరుసలో చేప కొల్లాజెన్. ఉల్లిపాయ కూడా ముట్టని మా పక్కింటి వదినగారు నాతోపాటు రెండు నెలలు అదే తాగారు! మొక్కల నుంచి తీసిన కొల్లాజెన్ అంటూ ఆకుపచ్చ గుర్తుతో అమ్మేవాటిలో సాధారణంగా ఉండేది సి-విటమిన్ వంటివే, మొక్కల్లో కొల్లాజెన్ ఉండదు.

ఇకపై ఏ పొడి గురించి రాసినా, అది వాడినవారికి ఎముకలు విరగడం తగ్గిందా అన్న ప్రశ్న మీ విలేకరి చేత అడిగించి, జవాబు లేకపోతే లేదనే రాయండి. డెక్సా పరీక్ష మన జిల్లాల్లో ఎక్కడెక్కడ చేస్తారో, ఎంత తీసుకుంటారో ఒకసారి విచారించి అదే మహిళా పేజీలో వేయండి. నేను దానికోసం కట్టు చేతితో బస్సెక్కి హైదరాబాద్ వెళ్లి రావడానికి ఒక రోజంతా పట్టింది.

భవదీయురాలు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
నల్గొండ జిల్లా