వార్షిక కార్యకలాపాల నివేదిక – 2025

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో మనం ఒక మాట అనుకున్నాం. కొత్త మెషీన్ మీద విండోస్ బదులు వాడే లినక్సో ఫ్రీబీఎస్‌డీయో (రెండూ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లే) ఇన్‌స్టాల్ అయినంత మాత్రాన పని పూర్తయినట్టు రాసుకోవద్దని. ఇన్‌స్టాల్ చేయడం ఇప్పుడు పెద్ద కష్టమేమీ కాదు. మూత వేస్తే నిద్రపోయి, తెరవగానే లేస్తోందా? ఫైల్ రాస్తుండగా కరెంటు పోతే డేటా మిగులుతోందా? ఒక డిస్కు చచ్చిపోతే ఇంకోటి పెట్టి కోలుకోగలుగుతున్నామా? ఈ మూడూ చూశాకే ఆ మోడల్‌ను ఇతరులకు సూచించే మన పట్టికలో చేర్చాలని తీర్మానించాం. దాంతో పట్టిక నెమ్మదిగా పెరిగింది. కానీ ఈసారి అందులో ఉన్న ప్రతి మోడల్‌నూ ధైర్యంగా ఇతరులకు చెప్పగలం.

ఇన్‌స్టాలేషన్ శిబిరాలు

అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని మెషీన్లకూ, ఎనిమిదో తరం కన్నా పాత ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు అన్నిటికీ విండోస్ 11 అధికారికంగా రాదు. అందుకే సెప్టెంబర్ నుంచి శిబిరాలకు తాకిడి పెరిగింది. ఆగస్టు 9న లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 13 రావడం కలిసొచ్చింది. పాత మెషీన్లు దాదాపుగా ఏ ఇబ్బందీ పెట్టలేదు. డెబియన్ 12 నుంచి వైఫై ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది కాబట్టి, వేరే పెన్‌డ్రైవ్‌లో ఫర్మ్‌వేర్ పట్టుకుని తిరిగే అవసరం పోయింది.

ఇబ్బంది పెట్టినవి కొత్త లాప్‌టాప్‌లే. కొన్నిటిలో ఇన్‌స్టాలర్‌కు ఎస్‌ఎస్‌డీ కనబడలేదు. డిస్కు పాడైందేమోనని తెచ్చినవాళ్లు భయపడ్డారు. డిస్కుకు ఏమీ కాలేదు. మెషీన్ మూల సెట్టింగులుండే బయాస్‌లో స్టోరేజీ మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి) రెయిడ్‌లో ఉంది, మామూలు పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చగానే కనబడింది. అయితే అదే డిస్కులో విండోస్ కూడా ఉంచుకునేవాళ్లు తొందరపడి మార్చకూడదు. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టాలి, ఆ తర్వాతే బయాస్‌లో మార్చాలి. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ చేతిలో ఉండి తీరాలి. ఒక శిబిరంలో కీ లేకుండానే మార్చేశాం. ఆ యజమాని తన అకౌంట్‌లో కీ దొరికేదాకా పడ్డ టెన్షన్ మనందరం చూశాం. ఇప్పుడు శిబిరంలో నింపే ఫారంలో మొదటి ప్రశ్న అదే.

నిద్ర సంగతి

ఈమధ్య వస్తున్న చాలా లాప్‌టాప్‌లలో మెమరీ తప్ప దాదాపు అన్నీ ఆగిపోయే పాత ఎస్3 నిద్ర లేదు. దాని బదులు వచ్చిన ఎస్0ఐఎక్స్ పద్ధతిలో మెషీన్ పూర్తిగా ఆగదు. ఒక్కొక్క భాగం తనంతట తాను తక్కువ కరెంటు స్థితికి దిగాలి. ఒక్కటి మొండికేసినా ప్రాసెసర్ లోతైన నిద్రలోకి వెళ్లదు. ఒక సభ్యుడి లాప్‌టాప్ రాత్రి మూత వేసి పెడితే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అయ్యేది. మూడు వారాలు వెతికితే తేలింది ఏమిటంటే, తప్పు ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కెర్నల్‌ది కాదు, గ్రాఫిక్స్‌దీ కాదు. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ నిద్రపోవడం లేదు. ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే ప్రోగ్రామ్‌తో డ్రైవ్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాక సరిపోయింది. అందుకే లాప్‌టాప్ చేతికి రాగానే, వేరే ఏ పనీ మొదలుపెట్టకముందే, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయమని ఇప్పుడు అందరికీ చెబుతున్నాం.

ఫ్రీబీఎస్‌డీ బృందానికి ఇది మంచి ఏడాది. జూన్‌లో వచ్చిన 14.3తో ఇంటెల్ వైఫై డ్రైవర్‌లో 802.11ఏసీ (వైఫై 5) వేగం అందుబాటులోకి వచ్చింది. వైఫై కోసం యూఎస్‌బీ ముక్క తగిలించుకుని తిరిగిన ఇద్దరు దాన్ని తీసేశారు. డిసెంబర్‌లో వచ్చిన 15.0ను ఇంకా గట్టిగా పరీక్షించలేదు. లాప్‌టాప్ నిద్ర విషయంలో మాత్రం ఫ్రీబీఎస్‌డీ ఇప్పటికీ లినక్స్ కన్నా వెనకే ఉంది. కొనబోయేవాళ్లకు ఆ మాట దాచకుండా చెప్పాలి.

స్టోరేజీ

ఈ ఏడాది ఎక్కువ సమయం దీనికే పోయింది, అలా పోవడమే సరైనదని నా నమ్మకం. ఆపరేటింగ్ సిస్టమ్ పోతే అరగంటలో మళ్లీ ఎక్కించుకోవచ్చు. డేటా పోతే ఏం చేసినా రాదు.

మొదట మన పొరపాటు. సంఘం బ్యాకప్ సర్వర్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పూల్ (కలిపి వాడే డిస్కుల గుంపు) నాలుగు డిస్కుల మీద నడుస్తోంది. మార్చిలో ఒక డిస్కు పోయింది. కొత్తది పెట్టి రీసిల్వర్ (పోయిన డిస్కు డేటాను మిగతా డిస్కుల నుంచి కొత్తదానిలో తిరిగి నింపడం) మొదలుపెట్టాం. కొన్ని గంటలు బాగానే సాగి, తర్వాత దాదాపు ఆగిపోయింది. రెండో రోజు పూల్ ఆ కొత్త డిస్కునే పాడైనదిగా లెక్కగట్టి బయటికి నెట్టేసింది. మోడల్ నంబర్ పెట్టి వెతికితే అది ఎస్‌ఎంఆర్ డిస్కు అని తెలిసింది. ఇంటి కప్పు మీద పెంకుల్లా దీనిలో ట్రాక్‌లు ఒకదాని అంచు మీద ఇంకోటి పడి ఉంటాయి. మధ్యలో ఒక ట్రాక్ మార్చాలంటే పక్కవాటిని కూడా తిరగరాయాలి. కొద్దిగా రాసినంతసేపు డిస్కు లోపలి క్యాష్ ప్రాంతం దీన్ని కప్పిపుచ్చుతుంది. రీసిల్వర్ లాంటి ఎడతెగని రాతకు ఆ ప్రాంతం నిండిపోతుంది, డిస్కు జవాబివ్వడం మానేస్తుంది, జెడ్‌ఎఫ్‌ఎస్ అది చచ్చిందనుకుంటుంది. పెట్టె మీద ఈ సంగతి ఎక్కడా రాయలేదు. అయినా డేటాషీట్ చూడకుండా కొన్నది కమిటీ, ఆ తప్పు మాదే. ట్రాక్‌లు విడివిడిగా ఉండే సీఎంఆర్ డిస్కు పెట్టాక రీసిల్వర్ ఒక్క రాత్రిలో ముగిసింది. ఒక్క ఫైల్ కూడా పోలేదు. అన్ని రోజులూ పూల్ ఒక డిస్కు తక్కువగా నడుస్తుంటే నిశ్చింతగా ఉండగలిగింది మాత్రం రెండో కాపీ వేరేచోట ఉండబట్టే.

కరెంటు పోయే పరీక్ష ఈ ఏడాది కొత్తగా పెట్టాం. పరీక్షించే మెషీన్ ఎస్‌ఎస్‌డీ మీద వరుస అంకెలు రాస్తుంది. ప్రతి రాతకూ ఎఫ్‌సింక్ చేసి (నిజంగా డిస్కు మీదికి రాయమని అడిగి), డ్రైవ్ "రాశాను" అన్నాకే ఆ అంకెను నెట్‌వర్క్ ద్వారా ఇంకో మెషీన్‌కు పంపుతుంది. మధ్యలో ప్లగ్ లాగేస్తాం. మళ్లీ ఆన్ చేసి రెండు వైపుల అంకెలూ పోల్చి చూస్తాం. ఒక ఎస్‌ఎస్‌డీ రాశానని చెప్పిన చివరి అంకెలు డిస్కు మీద లేవు. ఇదే పరీక్ష మళ్లీ మళ్లీ చేసినా అదే తేలింది. అలాంటి డ్రైవ్ మీద ఏ ఫైల్ సిస్టమ్ పెట్టినా, ఎంత జాగ్రత్తగా రాసిన డేటాబేస్ నడిపినా భరోసా లేదు. కరెంటు పోయినా రాత పూర్తిచేయడానికి కెపాసిటర్లున్న సర్వర్ తరహా డ్రైవ్‌లు ఈ పరీక్షలో ఒక్కసారీ తప్పలేదు. ముఖ్యమైన డేటాబేస్ నడిపేవాళ్లు వేగం అంకెలకన్నా ముందు ఇది చూసుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

జెడ్‌ఎఫ్‌ఎస్, కొత్త హార్డ్‌వేర్ మధ్య పేచీ ఈ ఏడాదీ తీరలేదు. కొత్త గ్రాఫిక్స్‌కు కొత్త కెర్నల్ కావాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ లైసెన్స్ సీడీడీఎల్, లినక్స్‌ది జీపీఎల్, రెండూ పొసగవంటారు, అందుకే అది కెర్నల్ లోపలికి రాలేదు. బయట మాడ్యూల్‌గా ఉండి, ప్రతి కొత్త కెర్నల్‌కూ సర్దుకునేసరికి కొంత ఆలస్యమవుతుంది. అందుకని సర్వర్‌లో 6.12 లాంటి దీర్ఘకాల మద్దతున్న కెర్నల్ మీద జెడ్‌ఎఫ్‌ఎస్, కొత్త లాప్‌టాప్‌లో కెర్నల్‌లోనే ఉండే ఈఎక్స్‌టీ4 గానీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గానీ వాడమని సలహా ఇస్తున్నాం. బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ 6.7లో కెర్నల్‌లోకి వచ్చి 6.18లో బయటికి పోయింది. ఇప్పుడు అదీ వేరే మాడ్యూల్‌గానే దొరుకుతుంది. దాన్ని వాడుతున్న సభ్యుల డేటా మార్చడానికి స్టోరేజీ బృందం రెండు ఆదివారాలు కూర్చుంది.

జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో రెయిడ్‌జెడ్‌కు (ఒక డిస్కు పోయినా డేటా మిగిలేలా పరిచే పద్ధతి) ఒక్కొక్క డిస్కు చేర్చుకునే వీలు కలిగింది. పరీక్ష పూల్ మీద చేసి చూశాం, పనిచేసింది. అయితే పాత ఫైళ్లు తిరగరాసేదాకా డేటాకూ, కోలుకోవడానికి రాసే అదనపు ప్యారిటీకీ ఉన్న పాత నిష్పత్తిలోనే ఉంటాయి కాబట్టి అనుకున్నంత ఖాళీ జాగా వెంటనే కనబడదు. ఇంకొక్క మాట: డీడీఆర్5 మెమరీలో ఈసీసీ (తప్పులు పట్టి సరిచేసే ఏర్పాటు) ఎలాగూ ఉందిగా అని చాలామంది అడిగారు. చిప్ లోపల ఉండే ఆ సర్దుబాటు వేరు, ప్రాసెసర్ దాకా డేటాను కాపాడే అసలు ఈసీసీ వేరు.

చేయలేకపోయినవి

ఏఆర్‌ఎం ప్రాసెసర్ల బోర్డుల మీద పని మొదలే కాలేదు. ఇన్‌స్టాలేషన్ గైడ్ సగంలో ఆగింది. దాని బాధ్యత కార్యదర్శిగా నాదే. జమాఖర్చులు కోశాధికారి విడిగా ఇస్తారు.

వచ్చే ఏడాది

అన్నిటికన్నా ముందున్న పని సెక్యూర్ బూట్, అంటే సంతకం సరిచూసిన సాఫ్ట్‌వేర్‌తోనే మెషీన్ లేచే ఏర్పాటు. లినక్స్‌ను లేపే బూట్‌లోడర్ మీద సంతకానికి ఇన్నాళ్లూ ఆధారమైన మైక్రోసాఫ్ట్ 2011 సర్టిఫికెట్ గడువు 2026 జూన్‌లో ముగుస్తుంది. ఇప్పటికే లేస్తున్న మెషీన్ ఆ రోజు నుంచి ఆగిపోదు. కానీ 2023 సర్టిఫికెట్ మెషీన్‌లో లేకపోతే, ఇకమీదట కొత్త కీతో మాత్రమే సంతకమై వచ్చే బూట్‌లోడర్లను అది ఒప్పుకోదు. మే నెలాఖరులోపు ప్రతి సభ్యుడి మెషీన్‌లో ఇది చూడాలన్నది కమిటీ ప్రతిపాదన.

స్టోరేజీ బృందానికి ఇంకో ఇద్దరు కావాలి, ప్లగ్ లాగే పరీక్షకు పనికొచ్చే పాత మెషీన్ కూడా ఒకటి కావాలి. ఇవ్వగలిగినవాళ్లు సర్వసభ్య సమావేశానికి ముందే పేరు చెప్పండి. మీ దగ్గరున్న డిస్కుల మోడల్ నంబర్లు రాసుకుని రండి. ఏవి ఎస్‌ఎంఆరో, ఏవి సీఎంఆరో అక్కడే కూర్చుని చూద్దాం.

కార్యదర్శి