బాస్ ఆంప్‌ల ట్యాగ్‌లు మార్చాం, కారణం ఇదీ

బాస్ ఆంప్ (బాస్ గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్) కొనడానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని వాట్లు?" అనే. ఆ అంకె పెద్దదైన కొద్దీ మాకు మిగిలేదీ ఎక్కువే, దాచడమెందుకు. అయినా ఇకనుంచి మా షాపులో ట్యాగ్ మీద పెద్ద అక్షరాల్లో ఆ అంకె కనిపించదు. స్పీకర్ 8 ఓమ్స్‌ది (ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు) అయితే ఎంత పవర్ ఇస్తుంది, 4 ఓమ్స్‌కి ఎంత, అంతకంటే కిందికి వెళ్లొచ్చా లేదా, బరువెంత అన్నవి రాస్తున్నాం.

డబ్బా మీద 500 వాట్లు అని ఉంటే అది చాలావరకు 4 ఓమ్స్ లెక్క. 8 ఓమ్స్ క్యాబ్ (స్పీకర్ పెట్టె) ఒక్కటే తగిలిస్తే వచ్చేది సుమారు సగం. ఇది మోసమేం కాదు, మాన్యువల్‌లోనే ఉంటుంది. దాన్ని చదివేదెవరు!

అలాగని టెన్షన్ పడక్కర్లేదు. పవర్ సగమైతే తగ్గేది 3 డెసిబెల్సే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్ కావాలి. 300 వాట్ల ఆంప్ అమ్మేసి 500 వాట్లది కొంటే మీకు దక్కేది 2 డెసిబెల్స్ పైచిలుకు. ఆ డబ్బు క్యాబ్ మీద పెట్టమంటాను. సెన్సిటివిటీ (అదే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్నది) 3 డెసిబెల్స్ ఎక్కువున్న క్యాబ్ తగిలిస్తే ఆంప్ పవర్ రెట్టింపు చేసినంత పని.

టోన్ సంగతికొస్తే, నాలుగు స్ట్రింగ్‌ల బాస్‌లో ఓపెన్ ఇ 41 హెర్ట్జ్, ఐదు స్ట్రింగ్‌లదైతే బి 31 హెర్ట్జ్. చిన్న కాంబోలు (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నవి) అంత కిందికి గట్టిగా మోగవు. బాస్ నాబ్ చివరిదాకా తిప్పితే పవరంతా అక్కడే ఖర్చయి, స్పీకర్ గరగరలాడుతుంది. మిడ్స్ (మధ్యస్థాయి శబ్దాలు) తగ్గించి ఒంటరిగా వాయిస్తే భలే ఉంటుంది కానీ, డ్రమ్స్, గిటార్లు కలిశాక మీ నోట్లు ఎవరికీ వినిపించవు. అందుకే ట్రయల్ గదిలో డ్రమ్స్ ట్రాక్ పెట్టి వాయించమంటున్నాం. మీ బాస్ మీరే తెచ్చుకుంటే ఇంకా మంచిది.

రెండో క్యాబ్ కోసం వచ్చేవాళ్లు మొదటి క్యాబ్ వెనక ఓమ్స్ రాసి ఉండే ప్లేటు ఫోటో తీసుకురండి. అది చూడకుండా అమ్మం. మామూలుగా ప్యారలల్‌గా కలిపితే రెండు 8 ఓమ్స్ క్యాబ్‌లు 4 అవుతాయి, రెండు 4 ఓమ్స్‌వి 2 అవుతాయి. 2 ఓమ్స్‌కి పనికిరాని ఆంప్ అయితే మధ్యలో ఆగిపోతుంది, లేదా పాడవుతుంది. ఆంప్‌కీ క్యాబ్‌కీ మధ్య స్పీకర్ కేబులే వాడండి, గిటార్ కేబుల్ వద్దు.

పెద్ద వాల్వ్ ఆంప్‌లు (గాజు ట్యూబులతో పనిచేసేవి) ఇకపై ఆర్డర్ మీదే తెప్పిస్తాం. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్లది, దాని సౌండంటే నాకూ ఇష్టమే. కానీ దాన్ని ఎత్తి వ్యాన్‌లో పెట్టాలంటే ఇద్దరు కావాలి. మీరు వాయించే చోట డీఐ అవుట్ (ఆంప్ నుంచి మిక్సర్‌కి సిగ్నల్ పంపే సాకెట్) నుంచి పీఏకి (హాలంతటికీ వినిపించే సౌండ్ సిస్టమ్‌కి) లైన్ ఇస్తే, ఆంప్ మీకూ డ్రమ్మర్‌కీ వినిపిస్తే చాలు. అలాంటప్పుడు రెండు మూడు కిలోల క్లాస్ డి హెడ్ (స్పీకర్ లేని తేలికరకం ఆంప్), ఒక మంచి క్యాబ్ సరిపోతాయి. ఇంట్లో ప్రాక్టీసుకే అయితే హెడ్‌ఫోన్ జాక్ ఉన్న చిన్న కాంబో చూపిస్తాం, పెద్దది అడిగినా ముందు అదే చూపిస్తాం.

గిటార్ ఆంప్‌ల వైపు ట్యాగ్‌లు ఇంకా పాతవే ఉన్నాయి. ఈలోపు ఆ వివరాలు కావాలంటే కౌంటర్లో అడగండి.