ఫార్మాట్ కొట్టే ముందు పాత డిస్కును ఇమేజి తీయించండి

గజపతి జిల్లా (ఒడిశా) కలెక్టర్ గారికి,

నమస్కారం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని యంత్రాలకు విండోస్ 11 లేదు. జిల్లాలోని అలాంటి యంత్రాలను తుక్కుకు వేయకుండా, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కించమని మేమూ కోరుతున్నాం. మా భయమల్లా వాటిలోని తెలుగు గురించి. ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, సంచికలు ఇంకా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 ప్రోగ్రాంలో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో అవి ఒక్క ఫార్మాట్‌తో పోకూడదు.

పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. లైనక్స్‌కు అది లేదు. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ యంత్రంలోనైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి) కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టారు. తలకట్టు ఒక చోట, ఒత్తు ఇంకో చోట. ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. పైగా తెలుగు కీబోర్డు వేరే ప్రోగ్రాం. అందుకే ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే సరిపోదు, పాత విండోస్‌ను మొత్తంగా వర్చువల్‌బాక్స్‌లోకి (లైనక్స్ లోపల ఇంకో కంప్యూటర్‌లా విండోస్‌ను నడిపే ప్రోగ్రాం) మార్చాలి.

ముందు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డిస్క్‌టువీహెచ్‌డీతో బయటి హార్డ్‌డిస్కులోకి ఇమేజి, అంటే పాత డిస్కు మొత్తానికి నకలు ఫైలు, తీయాలి. ఆ బయటి డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి, ఫ్యాట్32 ఫార్మాట్ అయితే ఫైలు 4 జీబీ దగ్గరే ఆగిపోతుంది. ఇమేజి రకాల్లో ఒకటైన వీహెచ్‌డీఎక్స్ దగ్గర టిక్కు తీసేయాలి. ఆ రకం ఫైలులోకి మార్పులు రాయడం వర్చువల్‌బాక్స్‌కు చేతకాదు. లైనక్స్ వేశాక బయోస్‌లో (యంత్రం మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ చేసి, ఇమేజిలోని పాత విండోస్ ఎక్స్‌పీ అయితే 1 జీబీ, విండోస్ 7 అయితే 2 జీబీ ర్యామ్ ఇస్తే పేజ్‌మేకర్‌కు ధారాళం. వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో ఎక్స్‌పీ ఇమేజిని సాటా అనే డిస్కు కంట్రోలర్‌కు తగిలిస్తే 7బీ తప్పుతో నీలితెర పడుతుంది. పాత రకమైన ఐడీఈ కంట్రోలర్‌కు తగిలించాలి. యంత్రం మారిందని విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడగొచ్చు, లైసెన్సు కాగితాలు దగ్గర పెట్టించండి. సాఫ్ట్‌వేర్‌కు తాళంలా పనిచేసే యూఎస్‌బీ డాంగిల్ ఉంటే లైనక్స్ యూజర్‌ను వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి రావాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు, డాంగిల్ చెడిందనుకుంటారు.

ఎక్స్‌పీకి 2014లోనే అప్‌డేట్లు ఆగాయి కాబట్టి లోపలి విండోస్‌కు నెట్ ఇవ్వకూడదు. ఫాంట్లు లోపలే పొదిగిన (ఎంబెడ్ చేసిన) పీడీఎఫ్‌ను, విండోస్‌కూ లైనక్స్‌కూ కనిపించే షేర్డ్ ఫోల్డరులో పడేసి, ప్రింటు లైనక్స్ నుంచి తీసుకోవచ్చు.

కొత్తగా టైపు చేసేవన్నీ యూనికోడ్‌లోనే ఉండాలని ఉత్తర్వు ఇవ్వండి. పాత డిస్కులను మాత్రం అప్పుడే చెరపనివ్వకండి. ఒక్కో యంత్రం నుంచి ఒక పాత ప్రశ్నపత్రం పీడీఎఫ్ తీయించి, అప్పటి అచ్చు కాపీ పక్కన పెట్టి చూడమనండి. ‘లక్ష్మి’లో ఒత్తులు, పంక్తుల విరుపులు రెండింటిలో ఒకేలా ఉన్నాయని తెలుగు చదివే మనిషి సంతకం పెట్టాకే ఫార్మాట్‌కు అనుమతివ్వండి.

ఇట్లు,
పర్లాకిమిడి తెలుగు డీటీపీ, కంప్యూటర్ మరమ్మతు పనివారు