రూల్సు కొత్తవైతే ముందు అట్టముక్కలు, ఆ తర్వాతే బొమ్మలు

సంపాదకులకు నమస్కారం.

బొమ్మ సైనికులతో బల్లమీద ఆడే చారిత్రక యుద్ధాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. తెలుగులో ఈ ఆట ఊసెత్తేవారే అరుదు, అందుకు సంతోషం. కానీ కొత్తగా వచ్చిన రూల్సు పుస్తకాన్ని, దానితోపాటు రెండు సైన్యాల బొమ్మల పెట్టెల్ని ఒకేసారి కొని మొదలుపెట్టమన్న సలహా మాత్రం తలకిందులుగా ఉంది. పెట్టెలు ముందు కొన్నవాళ్ల బొమ్మలు చాలావరకు రంగైనా పడకుండా అటకెక్కుతాయి. ముందు ఆడి చూడాల్సింది రూల్సుని. దానికి బొమ్మలు అక్కర్లేదు.

ఇంట్లో పేరుకుపోయిన పెళ్లి శుభలేఖలు చాలు. ఆ మందపాటి అట్టని 40 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. లోతు ముక్కలుగా కోసి, మీద దళం పేరు రాసి, ముందువైపు ఒక బాణం గుర్తు గీస్తే సైన్యం సిద్ధం. బాణం గీయకపోతే రెండో వంతుకల్లా ఏ దళం ముఖం ఎటో తెలియక తగువులు మొదలవుతాయి. 15 మి.మీ. ఎత్తు బొమ్మలకి 40 మి.మీ. బేస్ (బొమ్మల్ని అంటించే అడుగుపలక) ఎక్కువమంది వాడేదే కాబట్టి, రూల్సు నచ్చి తర్వాత బొమ్మలు కొన్నా కొలతలు మారవు.

ముక్కలు కోశాక పాచికలు తీయకండి, టేపు తీయండి. 18వ శతాబ్దపు పటాలంలో 600 మంది మూడు వరసల్లో నిలబడితే వరసకి 200 మంది. మనిషికి 60 సెం.మీ. చొప్పున 120 మీటర్ల వెడల్పు. ఆ కాలపు నున్నగొట్టం తుపాకి గురి గట్టిగా పనిచేసేది 100 మీటర్ల లోపే. అంటే పటాలం వెడల్పూ తుపాకి దూరమూ దాదాపు సమానం. పుస్తకంలోని అంకెల్లో ఈ పొత్తు కుదిరిందో లేదో చూడాలి. 28 మి.మీ. బొమ్మలకి రాసిన రూల్సు తుపాకికి 12 అంగుళాలు ఇస్తాయనుకుందాం. బొమ్మకి 20 మి.మీ. చొప్పున పన్నెండు బొమ్మలు పక్కపక్కన నిలిస్తే 24 సెం.మీ., అంటే తొమ్మిదిన్నర అంగుళాలు. తుపాకి దూరం వెడల్పుకి ఒకటింపావు రెట్లు. ఫరవాలేదు. అదే 12 అంగుళాలను, మూడు ముక్కలు పక్కపక్కన పెట్టిన మన 12 సెం.మీ. అట్ట పటాలానికి పెడితే రెండున్నర రెట్లవుతుంది. అప్పుడు కాల్పులే ఆటని మింగేస్తాయి, ముందుకొచ్చే దళం దగ్గరికి చేరకుండానే చచ్చిపోతుంది. ‘ఈ రూల్సులో దాడి పనిచేయదు’ అనే ఫిర్యాదులు చాలావాటికి మూలం ఇదే. చిన్న బొమ్మలు, చిన్న బల్ల అయితే పుస్తకంలో అంగుళం అన్నచోటల్లా సెంటీమీటర్ అని చదువుకుంటే సరి. నడక, తుపాకి, ఫిరంగి, దళపతి మాట వినబడే దూరం అన్నీ కలిపి మార్చాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే మార్చకపోవడమే మేలు.

తర్వాత నడకని తుపాకి దూరంతో పోల్చాలి. దూరం 12 సెం.మీ., ఒక వంతులో నడక 6 సెం.మీ. అయితే ఎదురుదళానికి రెండుసార్లు కాల్చే వీలుంటుంది. నడక 15 సెం.మీ. అయితే ఒక్కసారే. ఇక పాచికలు. పటాలం ఆరు పాచికలు వేసి 5 లేదా 6 వస్తే దెబ్బ అనుకుంటే సగటున రెండు దెబ్బలు. తగిలిన దళం 4 ఆపైన వేసి సగం తప్పించుకుంటుందంటే మిగిలేది ఒకటి. నాలుగు దెబ్బలకి దళం విరిగి పారిపోయే రూల్సులో, రెండుసార్లు కాల్చి ఎదురొచ్చే దళాన్ని ఆపడం సగటున జరగదు. అది తప్పేమీ కాదు, రాసినవారి ఉద్దేశం బయనెట్ (తుపాకి మొనకి బిగించే కత్తి) దాడికి బలం ఇవ్వడమే కావచ్చు. ఆ ఉద్దేశం మీకు నచ్చుతుందా లేదా అన్నది బొమ్మలు కొనకముందే తెలియడం ముఖ్యం.

అందుకే మొదటి ఆట ఆటే కాదు. ఒక పటాలం ఎదుట ఒక పటాలాన్ని పెట్టి, కాల్పులు, కలబడడం మాత్రమే పదిసార్లు ఆడి, ఎవరు ఎన్నో వంతులో విరిగారో కాగితం మీద రాయాలి. గంట చాలు. రెండో ఆటలో ఇరువైపులా ఆరేసి దళాలు, ఒక్కొక్క దళపతి. వాతావరణం, దాగిన దళాలు, దళపతుల ప్రత్యేక గుణాలు ఉన్న పేజీలను క్లిప్పు పెట్టి మూసేయండి. మూడు ఆటలు పూర్తయ్యేదాకా ఒక్క రూలు కూడా మార్చకూడదు. మన సొంత తెలివిని మొదటి ఆటలోనే కలిపేస్తే, ఏది పుస్తకం తప్పో ఏది మన తప్పో తర్వాత విడదీయలేం. మధ్యలో సందేహం వస్తే పుస్తకం తిరగేస్తూ అరగంట కూర్చోవద్దు. ఒక పాచిక వేసి, 1 నుంచి 3 వస్తే ఒకరి మాట, 4 నుంచి 6 వస్తే ఇంకొకరి మాట అనుకుని ముందుకు సాగి, ఆ పేజీ నంబరు మాత్రం రాసుకోవాలి. ఒక్కో వంతుకి పట్టే సమయం కూడా రాయాలి. ఎనిమిది వంతుల ఆటలో వంతుకి 25 నిమిషాలైతే మూడు గంటల ఇరవై నిమిషాలు. నాలుగో వంతుకి కూడా అదే వేగం ఉంటే ఆ పుస్తకం వారాంతపు సాయంత్రానికి పనికిరాదు.

తగువులు ఎక్కడ వస్తాయో ముందే చెప్పవచ్చు. మొదటిది దళం పక్కకి తిరగడం. 12 సెం.మీ. వెడల్పున్న దళం ఒక మూల ఆనుకుని 90 డిగ్రీలు తిరిగితే బయటి మూల వంపు వెంట సుమారు 19 సెం.మీ. నడుస్తుంది. అదే దూరాన్ని నేరుగా కొలిస్తే 17 సెం.మీ. ఆ రెండు సెంటీమీటర్ల తేడాతోనే దాడి తగులుతుంది, లేదా తగలదు. ఏది కొలవాలో పుస్తకం చెప్పకపోతే ఆట మొదలుకాక ముందే ఇద్దరూ ఒప్పుకోవాలి. రెండోది దూరం బేస్ అంచు నుంచా, బొమ్మ నుంచా అన్నది. మూడోది కాల్పులు ఇద్దరివీ ఒకేసారా, వంతులవారీగానా. వంతులవారీ అయితే మొదట కాల్చినవాడికి లాభం, కాబట్టి వైపులు మార్చుకుని ఇంకోసారి ఆడకుండా రూల్సు మీద తీర్పు చెప్పకూడదు. పుస్తకం అంచుకి ఆనుకుని వాలిన పాచికని మళ్లీ వేయాల్సిందే. దీనికి మినహాయింపు లేదు, ఎంత స్నేహితులైనా సరే.

మూడో ఆటకి నిజంగా జరిగిన యుద్ధం కావాలి. ఎవరు ఎందుకు గెలిచారో తెలిసిన యుద్ధం అయితేనే రూల్సు అబద్ధం చెబుతున్నాయో లేదో పట్టుకోగలం. ఇందుకు వాటర్లూ దాకా పోనక్కర్లేదు. 1746 అక్టోబరు 24న ఇక్కడే చెన్నైలో, అడయారు నది ఒడ్డున ఒకటి జరిగింది. ఆంగ్లేయుల సెయింట్ జార్జి కోట అప్పటికే ఫ్రెంచివారి చేతిలో ఉంది. పుదుచ్చేరి నుంచి వస్తున్న ఫ్రెంచి సేనాని పరాడీ దగ్గర సుమారు 300 మంది ఫ్రెంచివారు, 700 మంది సిపాయిలు. దారికి అడ్డంగా ఉత్తరపు ఒడ్డున ఆర్కాటు నవాబు అన్వరుద్దీన్ కొడుకు మాఫూజ్ ఖాన్ సుమారు 10,000 మందితో నిలిచాడు. పరాడీ దళం నది దాటి, కాల్చి, బయనెట్లతో ఎక్కింది. నవాబు సేన శాంథోమ్ వీధుల్లోకి చెల్లాచెదురైంది.

మీటరుకి మిల్లీమీటరు లెక్కన 40 మి.మీ. ముక్కని సగం చేస్తే ఒక్కో సగం 100 మంది. ఫ్రెంచివారు మూడు ముక్కలు, సిపాయిలు ఏడు. నవాబు వైపు నూరు ముక్కలు, పదేసి చొప్పున పది గుంపులు. నదికి 15 సెం.మీ. వెడల్పున్న నీలం బట్ట. అందులో 30 సెం.మీ. మేర మాత్రమే దాటగలిగే రేవు. ప్రతి దళానికీ ప్రతి వంతులో ఉచితంగా నడక ఇచ్చే రూల్సులో పది గుంపులూ రెండు వంతుల్లో పరాడీని చుట్టేస్తాయి, చరిత్ర తలకిందులవుతుంది. దళపతి ఆజ్ఞ ఇస్తేనే కదలాలి, రెండు పాచికలు కలిపి 8 లేదా తక్కువ పడాలి అనే రూల్సులో ఒక ఆజ్ఞ నెగ్గే అవకాశం 36కి 26, అంటే 72 శాతం. వరసగా మూడు ఆజ్ఞలు నెగ్గడం 38 శాతమే. దళం దూరంగా ఉన్నందుకు ఒకటి తగ్గించి 7 చేస్తే ఒక ఆజ్ఞకి 58 శాతం, మూడింటికి 20 శాతం. పది గుంపుల్ని ఒకే దళపతి నడపలేకపోవడం అప్పుడు బల్లమీద కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట. పాశ్చాత్య రూల్సు చాలావాటిలో నవాబుల, రాజుల సేనలన్నిటికీ ‘క్రమశిక్షణ లేనివారు’ అని ఒకే ముద్ర వేసి, పాచికలో ఒకటి తగ్గిస్తారు. ఓడినవారిని నాసిరకం అనేస్తే లెక్క తేలికే. కానీ ఆ 700 మంది సిపాయిలు కూడా ఈ దేశంవారే. తేడా కవాతులో, వరసగా కాల్చే పద్ధతిలో, ఆజ్ఞ చేరే వేగంలో ఉంది. ఆ మూడింటినీ విడివిడిగా చూపించగలిగిన రూల్సే కొనదగినవి.

అడయారు ఏకపక్షపు యుద్ధం కనుక నాలుగో ఆటకి చందుర్తి యుద్ధం తీసుకోవచ్చు. పిఠాపురం దగ్గర, 1758 డిసెంబరు. ఆంగ్లేయ సేనాని ఫోర్డ్ వైపు సుమారు 470 మంది ఐరోపావారు, 1,900 మంది సిపాయిలు, వారికి తోడు విజయనగరం ఆనంద గజపతి సేన. ఎదుట ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ వైపు సుమారు 500 మంది ఐరోపావారు, 6,000 మంది సిపాయిలు. నిలువెత్తు పైరు చాటున ఫోర్డ్ ఐరోపా పటాలం కనబడలేదు. ఎర్రకోట్లు తొడిగిన సిపాయిలనే ఆంగ్లేయులనుకుని ఫ్రెంచి పటాలం వాళ్ల మీదికి వెళ్లి, పైరు వెనుక నుంచి వచ్చిన అసలు పటాలం చేతిలో దెబ్బతింది. క్లిప్పు పెట్టి మూసిన ‘దాగిన దళాలు’ పేజీని తెరవాల్సింది ఇప్పుడే. అట్టముక్కలకి ఇక్కడ బొమ్మలకి లేని సుగుణం ఉంది. బోర్లిస్తే చాలు, ఎవరు ఎవరో తెలియదు. ఆట ఆడని మూడో మనిషి ఒకరు అంపైరుగా ఉండి అసలు జాబితా తన దగ్గర ఉంచుకోవాలి. జరగబోయేది తెలిసినవాడు ఫ్రెంచి వైపు ఆడకూడదు కనుక, ఆ రోజుకి యుద్ధం పేరే చెప్పకుండా ఉంటే ఇంకా మంచిది.

నాలుగు ఆటలూ అయ్యాక రూల్సు నచ్చితే అప్పుడు బొమ్మలు. చెన్నై వాతావరణానికి రెండు జాగ్రత్తలు చాలు. గాలిలో తేమ ఎక్కువున్న రోజున స్ప్రే వార్నిష్ కొడితే బొమ్మ మీద తెల్లటి పొగలా పట్టేస్తుంది, కాబట్టి అక్టోబరు, నవంబరు వానల్లో కుంచెతోనే పూయండి. గుట్టలకి థర్మోకోల్ వాడితే స్ప్రే రంగు దాన్ని కరిగించేస్తుంది. ముందు ఫెవికాల్‌లో నీళ్లు కలిపి రెండు పూతలు వేసి ఆరనివ్వాలి.

చందుర్తి మోహరింపు పటం, రెండు వైపుల అట్టముక్కల నమూనా మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. రెండూ కలిపి మీ అనుబంధంలో అర పేజీకి మించవు. నలుపు తెలుపుల్లో అచ్చు వేసినా పాఠకులు కత్తిరించి అట్టకి అంటించుకోవచ్చు. వేసుకుంటామంటే పంపిస్తాం. అచ్చులో 40 మి.మీ. కొలత తగ్గకుండా మాత్రం చూడండి.

ఇట్లు,
చారిత్రక యుద్ధక్రీడాభిమానులు,
మైలాపూరు, చెన్నై